రెండూ ఎర్ర తీగలే

మా చిన్నమ్మాయి హిందూపురంలో ఇల్లు కట్టుకుంటోంది. గోడలు లేచాయి, సిమెంటు పూత అయింది, ఇప్పుడు వైరింగ్ పని నడుస్తోంది. రోజూ పొద్దున్నే నేను అక్కడికి పోయి, ఒక వారగా పేర్చిన టైల్సు పెట్టెల మీద కూర్చుంటాను. కూర్చుని ఊరుకుంటానా అంటే ఊరుకోను. నా నోరు అటువంటిది. ప్రతి స్విచ్ దగ్గరా ఆ ఎలక్ట్రీషియన్ పిల్లవాణ్ణి ఆపి, "ఫేజు దేనికి ఇచ్చినావు? స్విచ్‌కేనా? టెస్టర్ పెట్టి చూసినావా?" అని ప్రాణం తీస్తుంటాను.

మూడో రోజుకు అతనికి విసుగొచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, పెనుకొండ మనిషి. చేతిలో పని ఆపి నా వైపు తిరిగాడు.

"ఏమవ్వా, నువ్వేమన్నా ముందు వైరింగ్ పని చేస్తాంటివా?"

"లేదప్పా. చేసేవాళ్ళను చూసినా, అంతే."

"నువ్వేం భయపడాకు. పెనుకొండోళ్ళకు ఈ పాఠం పని నేర్చుకునే మొదటి రోజే చెప్తారు. మా ఊర్లో వెనకటికి ఒక వైర్‌మన్ ఉండెనంట. ధర్మవరంలో యాడో మగ్గాలోళ్ళ ఇంట్లో ఫేజుకు పెట్టాల్సిన స్విచ్ న్యూట్రల్‌కు పెట్టినాడంట. మళ్ళా తానే పోయి ఆ హోల్డర్ ముట్టుకొని చచ్చిపోయినాడంట. మా మేస్త్రి ఇప్పటికీ ఆయన్ను చూపించే చెప్తాడు. అట్ల అడ్డదిడ్డంగా పని చేస్తే మీ చేతులే మిమ్మల్ని తింటాయిరా అని."

అతను నవ్వుతూనే చెప్పి మళ్ళీ పనిలో పడ్డాడు.  ఆ మగ్గాలవాళ్ళ ఇల్లు మాదే. ఆయన పని అడ్డదిడ్డంగా చేసిన మనిషి కాదు. ఆ సంగతి ఈ భూమ్మీద ఆ రోజుకు నాకొక్కదానికే తెలుసు.

అప్పటికి నాకు పదేళ్ళు. ధర్మవరంలో మాది ఒకదాని వెనక ఒకటిగా మూడు గదుల ఇల్లు. చివరి గదిలో మగ్గం. ఇల్లంతా ఉడికించిన పట్టు వాసన, గంజి వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు గానీ, నాకు ఇప్పటికీ ఆ వాసన ఎక్కడన్నా తగిలితే అమ్మ కొంగు పట్టుకున్నట్టే ఉంటుంది. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి తప్ప లేచేవాడు కాదు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఆయనకు పిచ్చెక్కినట్టు ఉండేది. గదికి ఒకటే కిటికీ. పోగు కనపడదు. కళ్ళు చికిలించి చికిలించి సాయంత్రానికి తల పట్టుకునేవాడు. అందుకే మా వీధికి కరెంటు స్తంభాలు రాగానే అందరికంటే ముందు ఆయనే, "మగ్గం మీద ఒక బల్బు ఏలాడితే చాలబ్బా, ఇంకేమీ వద్దు నాకు" అన్నాడు.

వైరింగ్‌కు పెనుకొండ నుంచి ఒకాయన వచ్చాడు. సాయిబుల మనిషి, నాయనకు సంతలో పరిచయం. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉండేవాడు. ఆయన దగ్గర చెక్కపొట్టు వాసనా అత్తరు వాసనా కలిసి వచ్చేవి. మొదటి రోజే నేను మామా అన్నాను, ఆయన పాపా అన్నాడు. అంతే, బడి లేని వేళల్లో నేను ఆయన వెనకే. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. మధ్యాహ్నం వసారాలో కూర్చుని గుడ్డమూట విప్పితే జొన్నరొట్టెలు, వాటి మీద చెనిక్కాయల పొడి, అంటే వేరుశనగ పొడి. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, చెంబుడు మజ్జిగ ఇచ్చేది. ఆయన ఒక రొట్టె తుంచి నాకు పెట్టేవాడు. మా ఇంట్లో రొట్టెలు లేకనా? అయినా ఆ రొట్టె రుచే వేరు.

అప్పటి వైరింగ్ గోడ లోపల పోదు. గోడ మీద సన్నటి చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద తీగలు పరిచి, చిన్న చిన్న రేకు క్లిప్పులతో బిగించేవాళ్ళు. క్లిప్పులు అందించే పని నాది. అందిస్తూ వెయ్యి ప్రశ్నలు. రెండు తీగలెందుకు, ఒకటి చాలదా అని అడిగాను ఒక రోజు.

"ఒకదాంట్లో కరెంటు వస్తాది, దాన్ని ఫేజు అంటాము. ఇంకోదాంట్లో తిరిగి పోతాది, అది న్యూట్రల్. వచ్చే దారిలోనే ఆపాల పాపా. ఫేజుకే స్విచ్ పెట్టాల. పోయే దారిలో ఆపినావనుకో, బల్బు ఆరిపోతాది, అందరూ బాగుండాది అనుకుంటారు. కరెంటు మాత్రం హోల్డర్‌లోనే కాసుకోని కూచోనుంటాది."

"మరి ఏది ఫేజో ఎట్ల తెలుస్తాది?"

"ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్. కరెంటు ఇచ్చినాక టెస్టర్ పెడితే తప్పొప్పులు బయటపడతాయి. స్విచ్ ఆపినా సరే, టెస్టర్ పెట్టకుండా చెయ్యి పెట్టకూడదు. ఇది మా నాయన నాకు నేర్పించిన మొదటి మాట."

వాళ్ళ నాయన కూడా వైర్‌మనే. చూపు మందగించి పని మానేసి ఇంట్లో ఉంటున్నాడని చెప్పాడు.

రెండు గదులు అయిపోయి మగ్గం గదికి వచ్చేసరికి తకరారు మొదలయింది. ఆయన నల్ల తీగ చుట్ట విప్పుతూ ఉంటే అవ్వ గడపలో నిలబడి చేయి అడ్డం పెట్టింది.

"యాడికప్పా అది?"

"మగ్గం మీదికవ్వా."

"మగ్గం నెత్తిన నల్ల తీగనా? మేము ముహూర్తం చీరలు నేసేవాళ్ళం నాయనా. నల్ల పోగు ఈ గడప లోపలికే రానీము."

అది నిజమే. పెళ్ళికూతురు పీటల మీద కట్టుకునే చీర మా ఇంట్లో నేసేవాళ్ళు. ఆ గదిలోకి నల్ల రవిక వేసుకుని అమ్మ కూడా పోయేది కాదు. నా జడకు నల్ల రిబ్బను ఉంటే గడప అవతలే ఊడదీయించేది అవ్వ.

"అవ్వా, అది పోగు కాదు, కరెంటు తీగ" అన్నాడు మామ నవ్వుతూ.

"ఏదైతేనేమి, నలుపు నలుపే గదా. ఆ గదికి రెండూ ఎర్రవే పెట్టు."

"రెండూ ఎర్రవైతే ఏది ఏదో ఎట్ల తెలుస్తాదవ్వా? రేపు ఎవరైనా పొరపాటు పడితే?"

అవ్వ వినలేదు. మామ మా నాయన ముఖం చూశాడు. నాయన మగ్గం ముఖం చూశాడు. వాళ్ళమ్మ మాటకు ఎదురు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. చివరికి మామే, "సరేలే, పెద్దామె మాట" అని మరుసటి రోజు ఇంకో ఎర్ర చుట్ట తెచ్చాడు.

అయితే జాగ్రత్త చేసుకున్నాడు. మగ్గం కింద రాలిన పోగుల్లో నుంచి ఒక ఆకుపచ్చ పట్టు పోగు ఏరుకుని, ఫేజు తీగ చివర ముడి వేశాడు. ముందుగదిలోని మెయిన్ బోర్డు నుంచి రెండు ఎర్ర తీగలు మగ్గం గదిదాకా లాగి, స్విచ్ వచ్చే చోట గోడ మీద వదిలేశాడు. "చూడు పాపా, పచ్చ పోగు కట్టిందే ఫేజు. రేపొచ్చి స్విచ్ బిగిస్తా" అని నాకు చూపించి మరీ సాయంత్రం బస్సుకు పోయాడు.

మరుసటి రోజు పొద్దున ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. నా గుడ్డబొమ్మకు చీర కట్టాను, నడుముకు వడ్డాణం కావాలనిపించింది. ఆ పచ్చ పోగు మీద నా కన్ను ముందురోజు నుంచే ఉంది. చిలకపచ్చ, కొత్త నోటు మాదిరి మెరుస్తోంది. కింద రాలిన పోగులు ఎన్ని లేవు? నాకు అదే కావాలి. స్టూలు ఎక్కి ముడి విప్పాను. బొమ్మ నడుముకు చుట్టి మురిసిపోతూ ఉండగానే వసారాలో మామ గొంతు వినిపించింది.  గబగబా స్టూలు ఎక్కి ఆ పోగు మళ్ళీ కట్టేశాను.

దేనికి కట్టాను? రెండూ ఎర్ర తీగలే. చేతికి ఏది ముందు అందితే దానికి కట్టాను.

ఆయన వచ్చాడు. పచ్చ పోగు చూశాడు. ఆ తీగకు స్విచ్ బిగించాడు, రెండోది నేరుగా హోల్డర్‌కు తీసుకుపోయాడు. అప్పటికింకా మా ఇంటికి కరెంటు ఇవ్వలేదు కాబట్టి టెస్టర్‌తో పని లేదు. నేను పక్కనే నిలబడి క్లిప్పులు అందిస్తున్నాను. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. తిడతాడని భయం కాదు, ఆయన ఎన్నడూ తిట్టలేదు. ఇంక నన్ను దగ్గరికి రానీయడేమోనని భయం. ఆ రోజు కూడా రొట్టె పెట్టాడు. తిన్నాను.

వారానికి కరెంటు ఇచ్చారు. మామ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. అమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది. ముందుగదిలో, వంటింట్లో, వసారాలో ప్రతి స్విచ్‌కూ ప్రతి హోల్డర్‌కూ టెస్టర్ పెట్టి చూశాడు. మగ్గం గది గడప దగ్గరికి వచ్చేసరికి అవ్వ ఆపింది. అంతకు రెండు రోజుల ముందే ముహూర్తం చీర మగ్గం ఎక్కింది. ఆ చీర మగ్గం మీద ఉన్నన్నాళ్ళు ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ఆ గడప దాటకూడదు. మా సొంత మేనమామ వచ్చినా గడప అవతలే నిలబడేవాడు.

"నేత అయి చీర కోసినాక వచ్చి చూద్దువులే నాయనా" అంది అవ్వ.

మామ గడప అవతలి నుంచే, "పాపా, స్విచ్ వేయి" అన్నాడు. వేశాను. మగ్గం మీద బల్బు వెలిగింది. నాయన గుంటలో కూర్చుని తల ఎత్తి అలాగే చూస్తుండిపోయాడు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆపు" అన్నాడు మామ. ఆపాను. ఆరిపోయింది.  బల్బు వెలిగింది, ఆరింది. అంటే నేను సరైన తీగకే పోగు కట్టానన్నమాట. అంతకు ముందే ఆయన చెప్పిన పాఠం నా బుర్రలో ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ మధ్యాహ్నం నాలుగు ఓళిగలు తిన్నాను.

ఒక చీర కోయకముందే ఇంకో చీరకు మాట వచ్చేది. పెళ్ళిళ్ళ కాలం. మగ్గం ఖాళీ లేదు. రంజాన్ పండక్కు మామ స్టీలు డబ్బాలో సేమ్యా పాయసం తెచ్చినప్పుడు కూడా, "ఇంకా చీర ఉండాదా?" అని గడప వైపు చూసి అడిగాడు. ఉందంది అవ్వ. వానలు పడ్డాక గానీ మగ్గం ఖాళీ కాలేదు. అప్పుడే ఆ బల్బు కూడా రెపరెపలాడటం మొదలుపెట్టింది. నాయన పెనుకొండకు కబురు పంపాడు.

ఆయన వచ్చిన రోజు పొద్దున అవ్వ మగ్గం గది అలికింది. మట్టి నేల ఇంకా తడి ఆరలేదు. ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ పోరు కాబట్టి మామ చెప్పులు వసారాలో విడిచాడు.

"మజ్జిగ తాగి మొదలుపెడుదువులే" అంది అమ్మ.

"వద్దమ్మా, పన్నెండు బస్సుకు పోవాల. ఇంటికాడ పనుండాది. ముందు ఈ హోల్డర్ సంగతి చూసి, తరువాత అంతా టెస్ట్ చేస్తా" అన్నాడు. గదిలోకి పోయి బల్బు కింద నిలబడ్డాడు. స్విచ్ పక్కన నేనున్నాను.

"పాపా, ఆపు."

ఆపాను. బల్బు ఆరిపోయింది. టెస్టర్ ఆయన జేబులోనే ఉంది, దాని పసుపుపచ్చ పిడి నాకు కనబడుతూనే ఉంది. ఆయన చెయ్యి దాని దగ్గరికి పోలేదు. తాను వేసిన స్విచ్ మీద ఆయనకు అంత నమ్మకం. బల్బు తీసి అవతల పెట్టి, హోల్డర్ మూత విప్పి లోపల వేలు పెట్టాడు.

ఆయన అరవలేదు. నాయన మగ్గం కర్రతో కొట్టి చేయి విడిపించేసరికి అంతా అయిపోయింది. నేను స్విచ్ మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడి ఉన్నానని తరువాత అమ్మ చెప్పింది.

పదో రోజున ఇంకో వైర్‌మన్ వచ్చి మెయిన్ ఆపి అంతా విప్పి చూశాడు. "ఏం పని చేసినాడప్పా ఈయన? న్యూట్రల్‌కు పెట్టినాడు స్విచ్. ఇంత అనుభవం ఉండి ఇదేం పని?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో.  పెరట్లోకి పరిగెత్తి, అక్కడ పట్టు ఆరేస్తున్న అవ్వ కాళ్ళు పట్టుకుని అంతా చెప్పాను. బొమ్మ సంగతి, ముడి సంగతి, అంతా.

 అవ్వ తడి చేత్తో నా నోరు మూసింది. "ఎవరితోనూ అనాకు. మీ నాయనతో కూడా అనాకు. నువ్వు చేసింది కాదు ఇది. నల్ల తీగ వద్దనింది నేను" అంది. ఆ మాట చెప్పి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మా అవ్వ ఏడవగా చూడటం అదే మొదలు. రెండో వైర్‌మన్ ఆ గదిలో నల్ల తీగ లాగాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

ధర్మవరంలో మామ వైరింగ్ చేసిన ఇళ్ళు చాలా ఉండేవి. వాళ్ళంతా భయపడి వేరే మనుషుల్ని పిలిపించి చూపించుకున్నారు. ఒక్క ఇంట్లో ఒక్క స్విచ్ కూడా తప్పు లేదు. ఆ మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మా ఇంటిది మాత్రం అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఎంతగా అంటే, ఇన్నేళ్ళ తరువాత నా కూతురి ఇంట్లో పని చేసే పిల్లవాడు దాన్ని పాఠంగా నవ్వుతూ చెప్పేంతగా.

ఆ రోజు ఆ పిల్లవాణ్ణి అడిగాను, ఆయన తాలూకు ఎవరైనా ఉన్నారా అని. "భార్య ఉండాదవ్వా. ముసలామె. కోట గోడ పక్క వీధిలో" అన్నాడు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు ఇంట్లో గుడికి పోతున్నానని చెప్పి పెనుకొండకు బయలుదేరాను.

చిన్న ఇల్లు. మంచం మీద కూర్చుని ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ధర్మవరం మగ్గాలవాళ్ళ పిల్లనని చెప్పగానే చేయి ఆపింది.

"నువ్వేనా ఆ పాపవు? నీ మాటలు చెప్పి నవ్వుతాండె ఆయన" అంది. కూర్చోమని మంచం మీద చోటు చూపించింది. నేను నోరు విప్పేలోపలే ఆమె మొదలుపెట్టింది. "ఆ రోజు నేనే తొందర చేసినానమ్మా. పిల్లోనికి జ్వరం, పన్నెండు బస్సుకు రాకపోతే ఊరుకోనంటి. ఆ తొందరలోనే టెస్టర్ పెట్టలేదు ఆయన. నేనే చంపుకున్నా."

"కాదత్తా" అన్నాను.   ఆ తరువాత ఎలా చెప్పానో తెలియదు, అవ్వకు చెప్పినట్టే అంతా చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. వింటున్నంతసేపూ నా ముఖమే చూసింది.

"అయితే ఆయన తప్పు కట్టలేదు" అంది చివరికి.

"లేదత్తా. ఆయన సరిగ్గానే కట్టినాడు."

"మా మామ, ఆయన నాయన, చచ్చిపోయేదాకా అడుగుతాండె. నేను తప్పు నేర్పించినానా, వాడు తప్పు నేర్చుకున్నాడా అని. కండ్లు కనపడని మనిషి, రోజూ అదే మాట. నా కొడుకును పని ముట్టుకోనీయలేదు. ఈ చేతులకు ఆ విద్య అచ్చిరాదు అనె." ఆమె గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. "పదేండ్ల పిల్లవు, నిన్నేమంటాను. నీకేం తెలుసు. కానీ తరువాత పెద్దయితివి గదమ్మా. పెండ్లయింది, పిల్లలు పుట్టినారు. ఎప్పుడన్నా ఒకసారి వచ్చి చెప్పింటే మా మామ వినేవాడు గదా."

 ఆమె కాళ్ళు పట్టుకోబోతే వద్దని చేయి అడ్డం పెట్టి, నీళ్ళు తాగమని లోటా ఇచ్చింది. తాగాను. లేచి వచ్చేశాను.

ఆమె అడిగిందానికి జవాబు ఉంది, చెప్పలేకపోయాను. పెళ్ళయి హిందూపురం వచ్చాక పండక్కూ పబ్బానికీ, పురిటికీ, నాయన పోయినప్పుడూ అవ్వ పోయినప్పుడూ ధర్మవరానికి రైలులోనే పోయాను, రైలులోనే వచ్చాను. దారిలో పెనుకొండ స్టేషన్. ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి నేను ఊరు కనపడని రెండో వైపు కిటికీ దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని. బండి అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది. నేను దిగలేదు.